దోర్నకల్‌లో పిడికెడు బియ్యము

ఆగమన కాలములో దోర్నకల్ స్టేషనులో దిగి ఎపిఫనీ కెథడ్రల్‌కు వెళ్ళితిని. 1939లో ప్రతిష్ఠింపబడిన ఈ దేవాలయములో హిందూ గుడుల స్తంభములు, మసీదు గుమ్మటములు కలిసి కనబడును. 1912లో బిషప్పుగా అభిషేకము పొందిన అజరయ్యగారు కట్టించినది. పేద సంఘములైనను తమ కానుకలతోనే తమ కాపరులను పోషించుకొనవలెనని ఆయన పట్టు. వంటకు బియ్యము తీయునప్పుడెల్ల తల్లులు పిడికెడు దేవునికని వేరుగా ఉంచెడివారు.

అక్కడ మోకరించితినిగాని ప్రార్థన సాగలేదు. మా సంఘములో క్రిస్మస్ చందా పట్టీ వ్రాయుచు, కూలి చేసికొను ఒక విధవరాలి పేరు జాలితో నేనే విడిచితిని. (జాలి అనుకొంటిని!) తిరిగి రాగానే ఆమె ఇంటికి వెళ్ళితిని.

"నా పేరెందుకు చదవలే, అయ్యగారూ?" అని అడిగెను.

జవాబు తోచలేదు. ఆమె లోపలికి పోయి, చేటలో బియ్యము తెచ్చెను.