నెట్టు బాకీ

యాకుత్‌పురా రైల్వే స్టేషన్ నుంచి మా గల్లీకి నడిచొస్తుంటే కేబుళ్లు తల మీదికి దిగి ఉంటాయి. ఏ తీగ ఏ ఇంటికి పోతుందో కట్టినవాళ్లకైనా గుర్తుందో లేదో! 2025 ఆగస్టు 17 రాత్రి రామంతాపూర్‌లో కృష్ణాష్టమి ఊరేగింపు రథానికి కరెంటు తగిలి ఐదుగురు చనిపోయారు. ఆ తర్వాత నగరంలో స్తంభాలకు వేలాడే కేబుళ్లు కోయడం మొదలైంది. సరిగ్గా ఆ రోజుల్లోనే మా ఇంట్లో నెట్ ఆగిపోయింది.

"కోసేసిన్రన్నా" అని తేల్చేశాడు మెదక్ పిల్లగాడు. మా ఇంట్లో పేర్ల కంటే ఊళ్లే ఎక్కువ పలుకుతాయి. మెదక్, గద్వాల్, నేను. జులై మధ్యదాకా నల్గొండ కూడా ఉండేవాడు. పైన రెండు గదులు మావి, కింద ఇంటి ఖాలా.

నేను డబ్బా చూశాను. ఫైబర్ తెగితే ఎల్‌ఓఎస్ అని రాసి ఉన్నచోట ఎర్ర లైటు కొట్టుకుంటుంది. మా దాంట్లో ఎర్ర లైటు లేదు. పీఓఎన్ దగ్గర పచ్చ లైటు నిలకడగా ఉంది. అంటే తీగ బాగానే ఉంది, మనల్నే ఆపారు. ఇలాంటప్పుడు చాలావరకు బాకీయే కారణం.

బడా బజార్ వైపు చిన్న షట్టర్‌లో కూర్చునే కేబుల్ భాయ్ పుస్తకం తిప్పి చూపించాడు. జూన్, జులై, ఆగస్టు, మూడు నెలలూ ఖాళీ. నెలకు 599, దాని మీద 18 శాతం జీఎస్టీ, మొత్తం 707. మూడింటికి 2,121. కనెక్షన్ నల్గొండ ఆధార్ మీద ఉంది. జూన్‌కు తలా 177 చొప్పున మేం ముగ్గురం అతనికిచ్చాం. "కట్టేసిన" అన్నాడు కూడా.

ఇంటికొచ్చి చెప్పగానే మెదక్ పిల్లగాడు భగ్గుమన్నాడు. వాడిది రాత్రిపూట ఇంట్లో కూర్చుని చేసే డేటా ఎంట్రీ పని, రోజు లెక్కన కూలి. మూడు రాత్రులు పోయాయి. "దొంగ సొమ్ము అన్నా, ఊరికి పోయి వసూల్ జేద్దాం" అన్నాడు. గద్వాల్ డెలివరీ పని చేస్తాడు, రాత్రి ఒంటిగంటకొచ్చి పడుకుంటాడు. "నా ఫోన్ల డేటా ఉంది, నాకెందుకు సమానంగ?" అని వాడి వాదన. అదీ తీసిపారేసేది కాదు గానీ, ఆదివారం క్రికెట్ పెద్ద తెర మీద చూసేది ఎవరో అందరికీ తెలుసు.

నల్గొండకు ఫోన్ చేశాను. మొదట ఎత్తలేదు. రాత్రి వాడే చేశాడు. పనిచేసిన చోట రెండు నెలలు జీతం ఆపారట, ఆ పైసలు చార్జీలకు అయిపోయాయట. అబద్ధమనిపించలేదు. మరుసటి నెల ఇస్తానన్నాడు. అప్పటిదాకా మెదక్ కూలి సంగతేంటి?

నేను మదీనాలో బట్టల కొట్టు లెక్కలు రాస్తాను. అలవాటు ప్రకారం, కనెక్షన్ పెట్టినప్పుడు డబ్బాకు డిపాజిట్ ఎవరు కట్టారని అడిగాను. వెయ్యి రూపాయలు, వాడొక్కడే కట్టాడు. భాయ్ పుస్తకంలోనూ ఉంది.

అప్పుడు కాగితం తీశాను. వాడు ఇవ్వాల్సింది జూన్ మొత్తం 707, జులైలో సగం నెల ఉన్నందుకు 88, కలిపి 795. వాడి వెయ్యిలోంచి అది పోగా 205 మిగిలింది. వారం రోజులుగా దొంగ అనిపించుకున్నవాడికి మేమే బాకీ!

మెదక్ కాగితం రెండుసార్లు చూసి పక్కన పెట్టాడు. "చెప్పకుండ పోయిండు గదా" అన్నాడు. నిజమే, అది ఏ లెక్కలోనూ తీరదు.

భాయ్ డిపాజిట్‌ను బాకీలో కొట్టేసి, మిగతా 1,121 తీసుకుని, నా ఆధార్ మీద కనెక్షన్ మార్చాడు. కొత్త డిపాజిట్ ముగ్గురం వేసుకున్నాం. రసీదు అడిగితే నవ్వి, పాత క్యాలెండర్ చీటీ వెనక రాసిచ్చాడు.

ఇంకొకటి మిగిలింది. జెడ్డాలో ఉన్న కొడుకుతో ఖాలా రోజూ వీడియోలో మాట్లాడేది మా నెట్‌తోనే. పాస్‌వర్డ్ మార్చేద్దామన్నాడు గద్వాల్. రంజాన్‌లో హలీం గిన్నె నిండా పంపినప్పుడు లెక్క అడగని మనిషికి ఆ పని చెయ్యలేనన్నాను. కానీ సంగతి చెప్పాను. ఆమె ఏమాత్రం నొచ్చుకోలేదు. "పైలే కైకు నై బోలే బేటా? కిరాయే మే సే డేఢ్ సౌ కాట్ లేవ్" అంది. మిగిలిన 557లో గద్వాల్‌కు 150, మిగతాది మేమిద్దరం పంచుకున్నాం.

నల్గొండకు 205 ఫోన్‌లోనే పంపాను. వెంటనే ఫోన్ చేశాడు. "ఇవేం పైసలన్నా?" చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. "మెదక్‌తో మాట్లాడొచ్చా?" అన్నాడు.

వాడు అప్పటికే హెడ్‌ఫోన్ పెట్టుకుని పనిలో ఉన్నాడు. చెయ్యి ఊపి తర్వాత అన్నాడు.