అందం అక్కరకు రానివేళ

కడుపులో బిడ్డ. చేరదీసిన దొర ఓడెక్కి వెళ్లిపోయాడు. అప్పు తీర్చలేక న్యూగేట్ జైలు. 1660ల నాటి లండన్‌లో పల్లెపిల్ల అంబర్‌కు మిగిలిన ఆస్తులు రెండే... అందం, తెలివి. వాటితోనే నాటకాల్లో నటి అయింది, రాజు రెండో చార్లెస్ మనసూ గెలుచుకుంది. కేథలీన్ విన్సర్ 1944లో రాసిన 'ఫరెవర్ అంబర్' కథ ఇది. అమెరికాలో 14 రాష్ట్రాలు నిషేధించినా లక్షల్లో అమ్ముడైంది.

కానీ నవలకు ప్రాణం రాజవైభవం కాదు, 1665 నాటి ప్లేగు. వదిలేసి వెళ్లిన ఆ దొరే తిరిగొచ్చి రోగంతో పడిపోతే, పారిపోకుండా రాత్రింబవళ్లు సేవ చేస్తుంది అంబర్. రోగానికి అందంతో పనేముంది? తెలివికి అది లొంగుతుందా? అతను కోలుకున్నాడు. ఆమె మంచం పట్టింది. ఈసారి అతను వదిలి వెళ్లలేదు. పెళ్లి మాత్రం... ఎన్నటికీ చేసుకోలేదు!