పార్శ్వపాత్రల తూనిక

మా పెద్దమ్మాయి సెలవులకు ఇంటికి వచ్చినప్పుడెల్ల మా మధ్యాహ్నపు నిద్రకు భంగము కలుగుట పరిపాటి. ఈ వేసవిని ఆమె "బెటర్ కాల్ సాల్" అను అమెరికా ధారావాహికను వెంట తెచ్చినది. మొదటి దినమున మేము పడకకుర్చీలో కన్నులు మూసికొని సంభాషణలు మాత్రము వింటిమి. మూడవ దినమున కుర్చీ కొంత ముందుకు జరిగినది. వారము గడచునప్పటికి, "అమ్మాయీ, ఆ పెట్టె తెరువవేమి?" అని అడుగువారము మేమే యైతిమి. నలుబదియేండ్లు దాటిన బడిపంతులునకు ఇది తగునా యని చదువరులు నవ్వవచ్చును, నవ్వుదురుగాక.

అందు కథానాయకుడు మాటలపుట్టయైన ఒక న్యాయవాది. అతని ప్రక్కన కిమ్ వెక్స్లర్ అను స్త్రీ గలదు, ఆమెయు న్యాయవాదియే. ఆమె తక్కువ మాటలాడును. అతడు అబద్ధమాడునప్పుడు ఆమె మోమున దవడ యొకింత బిగియును, అంతియే. ఆ బిగువులో కోపమున్నది, ప్రేమయున్నది, ఆ అబద్ధమునందు తనకును గొంత రుచి కలుగుచున్నదన్న సిగ్గును ఉన్నది. ఆ పాత్రను ధరించిన రే సీహార్న్ అను నటికి టెలివిజను కళలకై ఇచ్చు ఎమ్మీ బహుమానములలో సహాయనటి నామనిర్దేశము 2022, 2023 సంవత్సరములలో మాత్రమే లభించినది. అంతకు ముందు 5 భాగములు ప్రసారమైనను ఎవరికిని ఆమె కనబడలేదు. బహుమానము రెండుమారులును రాలేదు. ఆ ధారావాహికకు మొత్తము 53 నామనిర్దేశములు వచ్చి, ఒక్క బహుమానమైనను రాలేదని అమ్మాయి చెప్పగా, మాకు పట్టరాని కోపము వచ్చినది. ఎవరా న్యాయనిర్ణేతలు, వారికి కన్నులున్నవా యని మేము కేకలు వేయుచుండగా, వంటయింటిలోనుండి మా గృహిణి, "మీరొకప్పుడు తూచిన తూనిక మాట మరచిపోయారా?" అన్నది. మేము మిన్నకుంటిమి. ఆ సంగతి పిమ్మట చెప్పెదము.

సహాయపాత్ర యనగానేమి? మన ప్రాచీనులు ఈ ప్రశ్నను విడువలేదు. పదియవ శతాబ్దమున ధనంజయుడు దశరూపకమున ప్రాసంగిక కథను రెండుగా విభజించెను. ప్రధానకథతో దూరము నడచి వచ్చునది పతాక. ఒకచోట కనబడి తొలగిపోవునది ప్రకరి. రామకథలో సుగ్రీవుని వృత్తాంతము పతాక, శబరి వృత్తాంతము ప్రకరి యని మాకు గురువులు చెప్పిరి. అమెరికావారు సహాయనటులకు ఒకటి, అతిథినటులకు వేరొకటి బహుమానము లిచ్చుట ఈ భేదమునే పాటించుటగా మాకు తోచినది. కాని ధనంజయునకు రాని చిక్కు వారికి వచ్చినది. ఊజో అడూబా అను నటి "ఆరెంజ్ ఈజ్ ద న్యూ బ్లాక్" అను ధారావాహికలో ధరించిన ఒకే పాత్రకు 2014 లో హాస్యనాటక అతిథినటిగాను, 2015 లో గంభీరనాటక సహాయనటిగాను బహుమానమందినది. శబరి మరుసటియేట సుగ్రీవుడైనది. ఆమె పాత్ర పెరిగిన మాట నిజమే, కాని హాస్యము గాంభీర్యమెట్లయినది? అరగంటకు లోబడినది హాస్యము, మించినది గంభీరము అని 2015 లో నియమ మేర్పరచిరట! రసమును గడియారముతో నిర్ణయించినవారు లోకమున మరియెవ్వరైన నుందురా?

గడియారపు ముచ్చట అంతటితో ముగియలేదు. 2006 లో ఎలెన్ బర్‌స్టిన్ అను ప్రసిద్ధనటికి "మిసెస్ హారిస్" అను టెలివిజను చిత్రమునకై సహాయనటి నామనిర్దేశము వచ్చినది. ఆమె అందు కనబడినది 14 సెకనులు. పలికినది 38 మాటలు. ఓటు వేసినవారు చిత్రమును చూడకయే, పరిచితమైన పేరును మాత్రము చూచి గుర్తు పెట్టిరని లోకము పరిహసించినది. బహుమానము కెల్లీ మక్డొనాల్డ్ అను వేరొక నటికి పోయినది గావున కొంత పరువు దక్కినది. మరుసటి యేడు నుండి అట్టి చిత్రములలో సహాయనటులు మొత్తము నిడివిలో నూటికి 5 పాళ్లైన కనబడవలెనని కట్టడి చేసిరి. ఆ కట్టడి అవసరమే కావచ్చును. అయినను మా మనస్సు ఊరకుండక, నూటికి 5 పాళ్లు లేని శబరి ఏమి కావలెనని అడుగుచున్నది. చూడక ఓటువేసినవాని తప్పునకు చిన్నపాత్ర దండన మనుభవించినట్లయినది.

ఎవరు ప్రధానులు, ఎవరు సహాయులు అను నిర్ణయమును న్యాయనిర్ణేతలు చేయరు. నటులును నిర్మాతలును తామే ఏ పంక్తిలో కూర్చుండవలెనో దరఖాస్తు పెట్టుకొందురు. "ఫ్రెండ్స్" అను హాస్యధారావాహికలోని ఆరుగురును పెక్కేండ్లు తమ్ము సహాయనటులనియే చెప్పుకొనిరి. ఆరుగురును సహాయులైనచో వారు సహాయము చేసినది ఎవరికి? "మోడర్న్ ఫ్యామిలీ" కుటుంబమువారును అట్లే చేసి, 2011 లో హాస్యనాటక సహాయనటుల 6 స్థానములలో 4 స్థానముల నాక్రమించిరి. 2023 సంవత్సరపు గంభీరనాటక సహాయనటులు 8 మంది. అందు నలువురు "సక్సెషన్" వారు, నలువురు "ది వైట్ లోటస్" వారు. ఆ యేడు లోకమున మూడవ నాటకమే లేదు కాబోలు! ఈ ఎనమండుగురును మంచి నటులే యని మా అమ్మాయి వాదించినది. ఉందురు. పెండ్లిలో రెండు గోత్రములవారే విస్తళ్లన్నియు వేసికొని కూర్చుండినచో వారును ఆకలిగొన్నవారే కదా. గుమ్మమువద్ద నిలిచినవారి మాటయే మా మాట.

అన్నియు ఇట్టివే యనుట అన్యాయము. 1960 లో ఆరంభమైన "ది ఆండీ గ్రిఫిత్ షో" లో ప్రధానపాత్ర గ్రిఫిత్‌ది. అతని ప్రక్కన తత్తరపాటు గల చిన్న పోలీసు ఉద్యోగి డాన్ నాట్స్. హాస్యము తనది కావలెనని మొదట అనుకొనిన గ్రిఫిత్, నాట్స్ నటనను చూచి, నవ్వు నతనికి విడిచి తాను గంభీరుడై నిలిచెను. నాట్స్‌నకు సహాయనటునిగా 5 ఎమ్మీలు వచ్చినవి. గ్రిఫిత్‌నకు ఒక్కటియు రాలేదు. అచట సహాయము చేసినవాడెవడో మేము చెప్పజాలము. ఈ సంగతి విన్ననాటి నుండి మాకు గ్రిఫిత్ మీదనే ఎక్కువ గౌరవము కలిగినది.

ఇక మా తూనిక. పండ్రెండేండ్ల క్రిందట మా జిల్లాలో పాఠశాలల ఏకాంకికల పోటీ జరిగినది. న్యాయనిర్ణేతలము ముగ్గురము: ఒక విశ్రాంత తహసీల్దారుగారు, ఒక సంగీతోపాధ్యాయుడు, మేము. ఒక బడివారు కట్నము మీద చిన్ననాటకము నాడిరి. తండ్రి, తల్లి, కూతురు, పెండ్లిళ్ల పేరయ్య, మూలను నులకమంచము మీద నాయనమ్మ. నాయనమ్మ వేషము వేసిన పిల్లకు పదునాలుగేండ్లు మించవు. ఆమె నాటకమంతయు చింతపండు పిక్కలు తీయుచు కూర్చుండినది, మాటలు నాలుగైదు. కట్నమునకై పొలము అమ్ముటకు నిశ్చయమైన క్షణమున ఆమె చేతులు ఆగినవి. తల యెత్తలేదు. కొంతసేపటికి మరల పిక్కలు తీయుట మొదలుపెట్టినది. ఆ పొలము తన పసుపుకుంకుమలదని మేము గ్రహించుటకు నాటకకర్త ఒక్క మాటయు వ్రాయలేదు. ఆ చేతులు చెప్పినవి.

మేము చూచితిమి. చూడలేదని బొంకుటకు వీలులేదు. మా కాగితపు అంచున "చేతులు ఆగినవి" యని వ్రాసికొంటిమి. కాని ఆ కాగితమున మార్కుల గళ్లు ఉచ్చారణకు, కంఠమునకు, సంభాషణధారణకు, అభినయమునకు ఉండెను. మాటలే లేని పిల్లకు మొదటి మూడు గళ్లలో ఏమి వేయగలము? పేరయ్య వేషము వేసిన బాలుడు గొడుగు తిప్పుచు సభనంతయు నవ్వించినాడు. తహసీల్దారుగారు, "సభ చప్పట్లే తీర్పండీ" అనిరి. సంగీతోపాధ్యాయుడు రాత్రి బస్సు తప్పునేమోయని గడియారము చూచుకొనుచుండెను. మేము ఒకమాట అని చూచితిమి, రెండవమాట అనలేదు. సహాయపాత్ర బహుమానము పేరయ్యకు పోయినది.

దీపములార్పుచుండగా ఆ బడి ఉపాధ్యాయిని మాయొద్దకు వచ్చి, నిష్ఠురము లేకుండనే చెప్పినది: "ఆ పిల్లను రంగమెక్కించడానికి వాళ్ల నాన్నగారిని రెండు వారాలు బతిమాలానండీ. చిన్న బహుమతైనా వస్తే వచ్చే ఏడు అడగడం సులువయ్యేది." మరుసటి యేడు ఆ బడివారు వచ్చిరి, నాయనమ్మ రాలేదు.

ఆ రాత్రి ఇంటికి వచ్చి మేము ఇదంతయు చెప్పగా మా గృహిణి విని, "చింతపండు పిక్కలు తీసేవాళ్ల చేతులు నాటకంలోనైనా చూశారు, అదే పదివేలు" అన్నది. ఆమె ఆ మాట నవ్వుచునే అన్నది. ఇంటిలో ఏటేట మాఘమాసమున ఆ పని యెవరు చేయుదురో మేము అంతకుముందెన్నడును అడిగినవారము కాము.

ఈ వేసవిని అమ్మాయి పట్టుపట్టగా పాతపెట్టెలోనుండి ఆ మార్కుల కాగితమును వెదకి తీసితిమి. అంచున మా వ్రాత అట్లే యున్నది. అమ్మాయి దానిని చదివి, "ఆ పిల్ల పేరేమిటి నాన్నా?" అని అడిగినది. కార్యక్రమపత్రికను కూడ వెదకితిమి. అందు తండ్రి, తల్లి, కూతురు, పేరయ్య వేషధారుల పేర్లు అచ్చయినవి; పిమ్మట "తదితరులు" అని యున్నది. మా కాగితమున పాత్రల పేర్లకు మారుగా అంకెలు వేసిరి. నాయనమ్మ 5.