అమ్మనీకా, ఏడ్వనీకా?

కొడంగల్ నుంచి చిన్నమ్మ ఫోన్ చేసినప్పుడు నేనొక సెమినార్ పత్రం రాసుకుంటున్నాను. విషయం, గ్రామీణ స్త్రీల స్వీయకథనాలు. "బిడ్డా, పట్నంల మమ్ముల మాట్లాడుమంటున్నరు. మూడే నిమిషాలంట. నువ్వు అంత చదువు చదివినవు గద, జర రాసియ్యి" అంది.

చిన్నమ్మా, ఆమె సంఘంలోని మరో తొమ్మిదిమంది ఆడవాళ్లూ తాండూరు కందులు నానబెట్టి, ఎండబెట్టి, ఇసుర్రాయి మీద పప్పు చేసి అమ్ముతారు. చిన్న పప్పు మిల్లు పెట్టుకోవాలని వాళ్ల ఆలోచన. హైదరాబాద్‌లో ఒక సంస్థ గ్రామీణ వ్యాపార ఆలోచనలు వినడానికి పెట్టుబడిదారుల్ని పిలిచింది. వాళ్ల ఎదుట వేదికెక్కి చెప్పాలి. దాన్ని పిచ్ అంటున్నారు.

ఆ మాట మనకి కొత్తేమీ కాదు. 2015లో టీ హబ్ వచ్చింది. 2017 నవంబరులో హైదరాబాద్‌లో ప్రపంచ పారిశ్రామికవేత్తల సదస్సు 'మహిళలకు ముందు స్థానం' అనే నినాదంతో జరిగింది. 2018 మార్చి 8న రాష్ట్ర ప్రభుత్వం మహిళల కోసమే వీ హబ్ ప్రారంభించింది. ఆ ముందు స్థానంలో మా చిన్నమ్మకీ ఇంత చోటుంటుందనుకున్నాను.

రెండు రాత్రులు కూర్చుని రాశాను. చిన్న వయసులోనే బాబాయి పోవడం, ఇద్దరు పిల్లలతో పూణె వలస, కట్టడాల దగ్గర ఇటుకలు మోయడం, తిరిగొచ్చి సంఘంలో చేరడం. 2016లో వికారాబాద్ జిల్లాలో కలిసేదాకా కొడంగల్ మహబూబ్‌నగర్ జిల్లాలోదే. వలస మా ఇళ్లలో ఉన్న కథే. ఎన్నో ఆత్మకథలు చదివినదాన్ని, ఏ వాక్యం దగ్గర వినేవాళ్ల గొంతు పూడుకుపోతుందో నాకు తెలుసు. పప్పు సంగతి చివరి అరనిమిషంలో వచ్చింది.

ఊరెళ్లి చదివి వినిపించాను. చిన్నమ్మ చాటలో పప్పు చెరుగుతూనే వింది. అయిపోయాక చాట పక్కన పెట్టింది.

"అన్నీ నిజాలే రాసినవు బిడ్డా. గానీ నేను ఆడికి పోయేది పప్పు అమ్మనీకా, ఏడ్వనీకా?"

నాకు మాట రాలేదు. పితృస్వామ్యం స్త్రీలని బాధితులుగానే చూడటానికి ఇష్టపడుతుందని సిద్ధాంత గ్రంథంలో ఒక అధ్యాయమంతా రాసినదాన్ని నేను.

తర్వాత ఆమె చెప్పింది, నేను రాశాను. తాండూరు కందికి 2022 డిసెంబరులో భౌగోళిక గుర్తింపు వచ్చిందని. క్వింటాలు కందులకి డెబ్బై కిలోల దాకా పప్పు చేతికొస్తుందని. పొట్టూ నూకా బర్రెల దాణాకి అమ్ముడుపోతాయని. కందులుగానే అమ్మేస్తే ఈ లాభమంతా ఊరు దాటిపోతుందని. ఇసుర్రాయి దగ్గర పదిమంది రోజంతా చేసే పని మిల్లు ఎంతసేపట్లో చేస్తుందో కూడా ఆమె దగ్గర లెక్క ఉంది.

వేదిక మీద చిన్నమ్మకి ముందు ఒక యువకుడు మాట్లాడాడు. ఐదేళ్లలో ఎన్ని రాష్ట్రాలకి విస్తరిస్తారని అతన్ని అడిగారు. చిన్నమ్మ తడబడకుండా మూడు నిమిషాల్లో ముగించింది. ఆమెని అడిగినవి వేరు. ఇంట్లో అభ్యంతరం లేదా అమ్మా? మీకు చేతకాకపోతే ఎవరు చూసుకుంటారు? వానలు పడకపోతే?

"వానలు పడకుంటే మొగోళ్ల ఎవుసం గూడ ఎండుతది గద సార్" అంది. అందరూ నవ్వారు. ఇంకో ప్రశ్న రాలేదు.

ఇది మా చిన్నమ్మ ఒక్కర్తి అనుభవం కాదని తర్వాత చదివితే తెలిసింది. డానా కాంజే బృందం న్యూయార్క్‌లో జరిగిన ఇలాంటి పోటీలో అడిగిన ప్రశ్నల్ని పరిశీలించి 2017లో ప్రకటించింది. మగవాళ్లని అడిగిన ప్రశ్నల్లో 67 శాతం ఎదుగుదల గురించి. ఆడవాళ్లని అడిగినవాటిలో 66 శాతం నష్టం రాకుండా ఎలా కాపాడుకుంటారన్న దాని గురించి. 2014లో వచ్చిన మరో అధ్యయనంలో ఒకే ప్రసంగాన్ని ఆడగొంతుతోనూ మగగొంతుతోనూ వినిపిస్తే ఎక్కువమంది మగగొంతునే ఎంచుకున్నారు.

చివర్లో ఒకాయన దయగానే ఓ మాటన్నాడు. సంఘాన్ని కంపెనీ చేసి వాటా ఇస్తే డబ్బు పెట్టే సంగతి ఆలోచిస్తానని. చిన్నమ్మ నా వైపు తిరిగి, "పదిమందిల ఎవ్వరి వాటా తీసియ్యాలె?" అంది. సంఘంలో వాటాలు అమ్ముకునే సరుకు కాదు. 2002లో కంపెనీల చట్టంలో చేర్చిన ఉత్పత్తిదారుల కంపెనీలో కూడా వాటాలు ఉత్పత్తి చేసేవాళ్ల దగ్గరే ఉండాలి. అంటే కలిసి పనిచేసే ఆడవాళ్లకి ఆ వేదిక మీద దొరికే డబ్బు స్వభావమే సరిపడదు. బయటి డబ్బంటే మా ఊరి ఆడవాళ్లకి ఇంకో జ్ఞాపకం కూడా ఉంది. వారం వారం గుమ్మంలో కూర్చున్న సూక్ష్మరుణాల వసూలుదారులు. 2010 అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్స్ తెచ్చేదాకా పరిస్థితి అదే.

ఆ రోజు జ్ఞాపికా, శాలువా ఇచ్చారు. డబ్బు రాలేదు. తిరుగు బస్సులో నేను బాధపడుతుంటే చిన్నమ్మ జ్ఞాపికని సంచిలో అడుగుకి తోసి, ఎవరెవరు పప్పు కావాలన్నారో లెక్కపెట్టింది. ఆరుగురు. తర్వాత సంఘం నుంచి స్త్రీనిధిలో అప్పు తీసుకుని చిన్న యంత్రమే కొన్నారు. అనుకున్నంత పెద్దది కాదు. వాయిదాలు కడుతున్నారు.

సంచుల మీద వేయడానికి నాలుగు మాటలు రాసిమ్మని మళ్లీ ఫోన్ చేసింది. "పప్పు సంగతి రాయి, నా సంగతి గాదు" అని ముందే చెప్పింది. రాసిచ్చాను.

ఆనాటి సెమినార్ పత్రం మాత్రం ఇంకా పూర్తికాలేదు. అందులో, పేరు మార్చి, చిన్నమ్మ గురించి రెండు పేజీలు రాసి ఉన్నాయి. ఆమెకి చెప్పకుండానే రాశాను. ఈసారి కొడంగల్ వెళ్లేటప్పుడు అవి పట్టుకెళ్తున్నాను. ముందు ఆమెకి చదివి వినిపించాలి.