దారి మూసి ఉన్న రోజు



ఆదివారం మందిరంలో రెండో కిటికీ పక్కన కూర్చునే తాతగారు మీలో చాలామందికి తెలుసు. ఆయన పుట్టింది కొల్లేటి లంకలో. అక్కడ సొసైటీ చెరువులో వాటా ఉండేది. 2006లో ఐదో కాంటూరు లోపలి చేపల చెరువుల గట్లు కొట్టేసినప్పుడు ఆ వాటా పోయింది. కొన్నాళ్ళు కూలికి వెళ్ళారు. భార్య ప్రభువు దగ్గరకు వెళ్ళాక, తాడేపల్లిగూడెం దగ్గర మన ఊళ్ళో ఉన్న కూతురింటికి వచ్చేశారు. ఇప్పుడు రెండు కళ్ళలోనూ శుక్లాలు.

"చూపు పూర్తిగా పోకముందు ఒక్కసారి కొల్లేరు తీసుకెళ్ళండి అయ్యగారూ" అని క్రిస్మస్ ముందు అడిగారు. పండగ కానియ్యి తాతా అన్నాను. పండగ అయింది. తర్వాత మందిరం స్లాబు పని, ఆ తర్వాత సువార్త సభలు. ఫిబ్రవరి ఆఖరికి గానీ నాకు తీరలేదు.

మన యూత్ కుర్రాడి ఆటోలో గణపవరం, ఆకివీడు మీదుగా బయలుదేరాం. కైకలూరు పక్కన ఆటపాకలో గూడబాతులు చూసి, చీకటి పడకుండా తిరిగి రావాలని మా ఆలోచన. ఆకివీడు దాటాక కల్వర్టు పని. రోడ్డుకు అడ్డంగా డ్రమ్ములు పెట్టారు. పక్క దారిలో కంకర లారీ ఒకటి దిగబడింది. ఎర్రజెండా పట్టుకున్న కుర్రాడు "గంట పడద్దండి" అన్నాడు. గంటన్నర అయింది. నేను దిగి వెళ్ళి, వాడేదో ఆ లారీని కావాలని దించినట్టు నలుగురిలో కేకలేశాను. వాడు తల వంచుకుని జెండా కర్ర మీద ఇసుక తుడుచుకుంటూ నిలబడ్డాడు.

తిరిగొచ్చేసరికి తాతగారు ఆటోలోంచి కాళ్ళు బయటపెట్టి కూర్చుని ఉన్నారు. "నీళ్ళ వాసన వస్తంది అయ్యగారూ. ఉప్పుటేరు ఇటేగదా" అన్నారు. అటే. బుడమేరు, తమ్మిలేరు మోసుకొచ్చిన నీళ్ళన్నీ కొల్లేట్లో చేరి, ఆ ఉప్పుటేరు గుండానే సముద్రంలోకి పోవాలి. ఆయనకు ఆలస్యం బాధ లేదు. బాధంతా నాదే.

ఆగిన ఆ సమయంలో ఆయనకు గూడబాతుల సంగతి చెప్పాను. 1946లో నీలకంఠన్ అనే పక్షి శాస్త్రవేత్త ఈ కొల్లేటి ప్రాంతంలో గూడబాతుల కాలనీ కనుగొన్నారు. అప్పుడు సుమారు 3,000 పక్షులు గూళ్ళు పెట్టేవట. 1975 ప్రాంతానికి ఆ కాలనీ కనుమరుగైంది. 1999లో కొల్లేటిని అభయారణ్యంగా ప్రకటించారు, 308 చదరపు కిలోమీటర్లు. 2002లో రామ్‌సార్ ఒప్పందం కింద అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడి నేలల జాబితాలో చేరింది. ఇప్పుడు ఆటపాకలో మళ్ళీ గూళ్ళు కడుతున్నాయి. తాతగారు అంతా విని "పోయినవి మళ్ళీ వచ్చాయన్నమాట" అన్నారు, అంతే.

మేం చేరేసరికి బోటు వేళ దాటిపోయింది. గట్టు మీద కొంత మేర మట్టిపని జరుగుతోంది, తాడు కట్టేశారు. తాడు ఇవతలే నిలబడ్డాం. ఆయనకు దూరాన తెల్లటి మసక తప్ప ఏమీ కనబడటం లేదు. అందుకని నేను చూసి చెప్పడం మొదలుపెట్టాను. నీళ్ళలో ఇనుప స్టాండ్లు వేశారు తాతా, చెట్లు చాలక. ఒక్కోదాని మీద అరలరలుగా గూళ్ళు. తల్లి నోరు తెరిస్తే, పిల్ల గొంతు సంచిలో తల దూర్చి చేప తింటోంది.

ఆయన చాలాసేపు ఆ అరుపులు విన్నారు. తర్వాత మెల్లగా అడిగారు: "పక్షులకి స్టాండ్లు వేశారు, మంచిదే. మా వాళ్ళకి ఎవరన్నా ఏమన్నా వేశారా అయ్యగారూ?"

నా దగ్గర జవాబు లేదు. సరస్సు బతకాలన్నది నిజం. గట్లు తెగినప్పుడు వలస పోయిన ఇళ్ళూ నిజమే. ఇరవై ఏళ్ళు ప్రసంగాలు చేసిన నోటికి ఆ సాయంత్రం ఒక్క మాట దొరకలేదు. ఆయన చెయ్యి పట్టుకుని నిలబడ్డాను.

ప్రియులారా, 102వ కీర్తనలో బాధలో ఉన్న ఒక మనిషి తనను తాను అడవిలోని గూడబాతుతో పోల్చుకుంటాడు. ఆ కీర్తన మీద నేను ఎన్నోసార్లు వాక్యం చెప్పాను. ఆ గూడబాతు నాలుగేళ్ళుగా మన రెండో కిటికీ పక్కనే కూర్చుని ఉందని నాకు తట్టలేదు. రోడ్డు మూసింది గంటన్నర. నేను ఆయన్ని ఆపింది రెండు నెలలు, అదీ దేవుని పని పేరు చెప్పి. మంచి సమరయుని కథలో గాయపడినవాణ్ణి దాటిపోయిన యాజకుడికీ ఏదో సేవ ఉండే ఉంటుంది. క్రిస్మస్‌కే బయలుదేరి ఉంటే ఆయన కళ్ళకు ఇంకొంచెం కనబడేదేమో.

తిరుగు ప్రయాణంలో మళ్ళీ అక్కడే ఆగాం. అదే కుర్రాడు, చేతిలో ఇప్పుడు టార్చిలైటు. దిగి వెళ్ళి "పొద్దున తప్పుగా మాట్లాడాను తమ్ముడూ, క్షమించు" అన్నాను. "పర్లేదండీ, అందరూ తిడతారు" అన్నాడు. తాతగారు కూతురు కట్టిచ్చిన పులిహోర పొట్లం వాడికి ఇప్పించారు.

ఈ సోమవారం తాతగారిని కంటి ఆపరేషన్‌కు ఏలూరు తీసుకెళ్తున్నాం. ప్రార్థించండి. చూపు వస్తే పక్షులు ఎగిరిపోయేలోగా మళ్ళీ ఆటపాక వెళ్తాం. హైదరాబాదులో, గల్ఫులో ఉన్న బిడ్డలారా, పండగ అయ్యాక వస్తానని మీరూ ఇంట్లో ఎవరికైనా చెప్పి ఉంటే, ఈ రాత్రి ఒక ఫోను చేయండి.

ప్రభువు మిమ్మును దీవించును గాక. ఆమేన్.