మోసే భుజాలకూ నిరీక్షణ

మా కొండ ఊళ్లలో నొప్పి గురించి ఎవరూ కొత్తగా చెప్పనక్కరలేదు. వానలు పడితే మలేరియా, చలి మొదలైతే కీళ్ల నొప్పులు, రోడ్డు లేని ఊరికి ఏ కాలమైనా డోలీ మోత. అందుకే ఆదివారం ప్రార్థనలో పరలోకం మాట వస్తే మేము కళ్లు మూసుకుని వింటాం. ప్రకటన గ్రంథం 21వ అధ్యాయంలో దేవుడే మనుషుల కన్నీళ్లు తుడుస్తాడనీ, అక్కడ చావు ఉండదనీ ఉంది. చదువు రాని మా అవ్వలకు కూడా ఆ అధ్యాయం నోటికి వచ్చు.

మా ఇంట్లో ఒక ఆడపిల్లకు సికిల్ సెల్ జబ్బు ఉంది. గుండ్రంగా ఉండాల్సిన ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంగి, సన్నని రక్తనాళాల్లో అడ్డుపడతాయి. అప్పుడు వచ్చే నొప్పికి పిల్ల రాత్రంతా మెలికలు తిరిగిపోతుంది. ఒక చలి రాత్రి మా తాత దాని కాళ్లు పడుతూ, "ఓర్చుకో అమ్మా, పరలోకంలో ఈ నొప్పి ఉండదు" అన్నాడు. పిల్ల అడిగింది: "అప్పటిదాకా ఏం చెయ్యాలి తాతా?"

ఆ ప్రశ్నకు మా ఇంట్లో ఎవరమూ వెంటనే జవాబు చెప్పలేకపోయాం. తర్వాత చాలా రోజులు దాని గురించే మాట్లాడుకున్నాం.

మార్కు సువార్త 2వ అధ్యాయంలో నలుగురు మనుషులు ఒక పక్షవాత రోగిని మోసుకొస్తారు. జనం అడ్డు ఉంటే ఇంటి కప్పు విప్పి, పరుపుతో సహా కిందికి దింపుతారు. డోలీ మోసిన మాకు ఆ కథ విడమర్చి చెప్పక్కరలేదు. కర్ర ఒరుసుకున్న భుజం ఎలా మండుతుందో మాకు తెలుసు. అక్కడ యేసు చూసింది మోసుకొచ్చిన వాళ్ల విశ్వాసాన్ని కూడా. రోగి పరలోకానికి పోతాడులే అని వాళ్లు ఇంటి దగ్గర కూర్చోలేదు.

లాజరును లేపుతానని తెలిసి కూడా యేసు అతని సమాధి దగ్గరికి వెళుతూ ఏడ్చాడు. కాబట్టి నిరీక్షణ ఉన్నవాళ్లు ఏడవకూడదని ఎవరైనా అంటే మేము ఒప్పుకోం. మందు మింగితే విశ్వాసం తక్కువని అన్నా ఒప్పుకోం. పౌలుకు ప్రియమైన లూకా వైద్యుడే కదా.

ఆ పిల్ల ప్రశ్నకు ఇప్పుడు మా జవాబు ఇది: అప్పటిదాకా నిన్ను మోస్తాం.

మోయడమంటే డోలీ ఒక్కటే కాదు. వేళకు మాత్ర ఇవ్వాలి, నీళ్లు బాగా తాగించాలి, చలి తగలకుండా చూడాలి. జ్వరం వస్తే తెల్లారేదాకా ఆగకూడదు. మాస్టార్లూ, టీచరమ్మలూ, అలాంటి పిల్లను చలిలో నిలబెట్టకండి, పరుగెత్తలేకపోతే బద్ధకం అనకండి. తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, పెళ్లికి ముందే రక్తపరీక్ష చేయించుకోండి. ఇద్దరిలోనూ ఆ లక్షణం ఉంటే, పుట్టే ప్రతి బిడ్డకూ జబ్బు రావడానికి నాలుగింట ఒక వంతు అవకాశం ఉంటుంది. 2023 జూలై 1న మొదలైన జాతీయ కార్యక్రమం 2047 నాటికి ఈ జబ్బును నిర్మూలించాలని లక్ష్యం పెట్టుకుంది. 40 ఏళ్ల లోపు వారికి పరీక్షలు చేయడం అందులో భాగం. పరీక్షకు వచ్చిన వాళ్లను చూసి అడవిలోకి పారిపోవద్దు.

ఇంత చేసినా కొందరు మా చేతుల్లోనే పోతారు. దారి మధ్యలో డోలీ దించి, ముఖం మీద గుడ్డ కప్పిన రోజులు మాకున్నాయి. ఆ రోజుల్లో పరలోకం మాట లేకపోతే మేము మళ్లీ లేవలేకపోయేవాళ్లం. చనిపోయినవాళ్లు పెద్దల్లో కలిశారని మా పూర్వీకులు అనేవారు. క్రీస్తు దగ్గర ఉన్నారని మేము నమ్ముతున్నాం. మాట వేరైనా, పోయినవాళ్లు దిక్కులేనివాళ్లు కారన్న ధైర్యం రెండింటిలోనూ ఉంది.

ఆ ధైర్యంతోనే మళ్లీ కర్ర భుజానికెత్తుకుంటాం. పైన నొప్పి లేని చోటు ఉందని నమ్మేవాళ్లు ఇక్కడి నొప్పిని చూసి ముఖం తిప్పుకోకూడదు.