రెండు పడవలు, ఒకటే శ్రీశైలం.. ఏది ఎక్కాలి?

కోరుట్ల, జగిత్యాల, సిరిసిల్ల.. మన మూడు ఊళ్లకూ సముద్రం దూరమే. పడవ ఎక్కాలన్న ఆశకు మాత్రం ఏం తక్కువ లేదు. దుబాయ్‌లో ఉన్న బావ రాత్రిపూట క్రూజ్ మీద దిగిన వీడియో స్టేటస్‌లో పెట్టాడంటే చాలు, ఇక్కడ వాట్సాప్ గ్రూపులో "మనమెప్పుడురా?" అని మొదలవుతుంది. వీసా అక్కర్లేకుండా, మన బడ్జెట్‌లో, రెండు రోజుల సెలవులో అయిపోయే పడవ ప్రయాణం మన రాష్ట్రంలోనే ఉంది. ఒకటి కాదు, రెండు. తంటా కూడా అక్కడే వస్తుంది.

ఒకటి నాగార్జునసాగర్ నుంచి శ్రీశైలం. రెండోది సోమశిల నుంచి శ్రీశైలం. రెండూ తెలంగాణ టూరిజం నడిపేవే. రెండూ కృష్ణ మీదనే. రెండు దారుల్లోనూ నల్లమల కొండలే. 2024 నవంబరులో ఈ సర్వీసులు పెట్టినప్పుడు టికెట్ కూడా ఒకటే: పెద్దవాళ్లకు ఒకవైపు 2,000 రూపాయలు, రానూపోనూ 3,000. పిల్లలకు 1,600, 2,400. దూరాలు కూడా అటూ ఇటూగా సమానమే, నూటపది నుంచి నూట ఇరవై కిలోమీటర్లు. అలాంటప్పుడు దేన్ని చూసి ఎంచుకోవాలి?

ఒక సీజన్‌లో ఒకటి, తర్వాతి సీజన్‌లో ఇంకొకటి.. నేను రెండూ ఎక్కాను. అందుకే ఈ ముచ్చట.

ఒకటి కింద, ఒకటి మీద

ముందుగా మ్యాప్ తెరవండి. శ్రీశైలం డ్యామ్ మీద వేలు పెట్టండి. సాగర్ పడవ ఆ డ్యామ్‌కు కిందివైపు నుంచి వస్తుంది. అంటే నదికి ఎదురు ప్రయాణం. చివరికి డ్యామ్ దిగువన లింగాలగట్టు దగ్గర ఆగుతుంది. అక్కడి నుంచి బండెక్కి ఘాట్ రోడ్డులో మల్లన్న గుడికి పోవాలి. సోమశిల పడవ డ్యామ్‌కు పైవైపు నీళ్లలో, నది పోయే దిక్కుకే పోతుంది.

పేరు ఒకటే, నది ఒకటే. నీళ్లు మాత్రం వేరు. సాగర్ జలాశయం పూర్తి మట్టం 590 అడుగులు, శ్రీశైలం జలాశయానిది 885. రెండూ నిండుగా ఉన్న రోజున ఈ రెండు పడవల మధ్య దాదాపు 300 అడుగుల ఎత్తు తేడా ఉంటుంది. మధ్యలో ఉన్నది ఆ డ్యామ్ గోడే.

ఫోన్ చేతిలో ఉన్నవాళ్లకు దీంతో ఒక లాభం ఉంది. సాగర్ పడవ నైరుతి దిక్కుకు పోతుంది కాబట్టి మధ్యాహ్నం దాటాక ఎండ ఎదురుగా వస్తుంది. ముందు నిలబడి ఫొటో దిగితే వెనకంతా తెల్లగా వెలిగిపోయి మొహం నల్లగా పడుతుంది. పొద్దునే దిగండి, లేదా పడవ వెనక్కి వెళ్లండి. సోమశిల పడవ తూర్పుకు పోతుంది, సాయంత్రం ఎండ వీపు మీద ఉంటుంది. సాగర్ దారిలో తెలంగాణ ఒడ్డు కుడిచేతి వైపు, సోమశిల దారిలో ఎడమచేతి వైపు. అవతలి ఒడ్డు ఆంధ్రప్రదేశ్. అడవిలోకి పోయాక సిగ్నల్ మీద ఆశ పెట్టుకోకండి. పాటలు, మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకోవాలి.

సాగర్: దోస్తులతో అయితే

మొదటిసారి నలుగురం పోయాం. జగిత్యాల నుంచి ఒకడు, సిరిసిల్ల నుంచి ఇద్దరు, కోరుట్ల నుంచి నేను. అందరం జేబీఎస్‌లో కలిశాం. హైదరాబాద్ నుంచి సాగర్‌కు ఇబ్రహీంపట్నం, మాల్, మల్లేపల్లి మీదుగా సుమారు 150 కిలోమీటర్లు. ముందురోజే చేరుకుంటే మంచిది, ఎందుకంటే చూడాల్సింది ఒడ్డు మీదే చాలా ఉంది. 26 గేట్ల డ్యామ్ ఒకటి. పక్కనే 274 ఎకరాల్లో కట్టిన బుద్ధవనం ఇంకొకటి, 2022లో తెరిచారు.

పడవ బయలుదేరిన తర్వాత ఈ దారిలో చెప్పుకోవాల్సిన చోటు నాగార్జునకొండ. ఇప్పుడది నీళ్ల నడుమ దీవి. మూడో శతాబ్దంలో ఇక్ష్వాకుల రాజధాని విజయపురి ఆ కొండ కింద లోయలో ఉండేది. డ్యామ్‌కు 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేశారు. లోయ మునుగుతుందని తెలిసి 1954 నుంచి 1960 దాకా పురావస్తు శాఖ అక్కడ తవ్వకాలు జరిపింది. దొరికిన విగ్రహాలు, శిల్పాలు కొండ మీది మ్యూజియంలో పెట్టారు. కొన్ని కట్టడాలను రాయి రాయి విప్పి పైన మళ్లీ పేర్చారు. మిగిలిన నగరం అడుగునే ఉంది.

ఇది మనకు కొత్త కథ కాదు. మన జగిత్యాల జిల్లాలోనే గోదావరి ఒడ్డున కోటిలింగాల ఉంది. మొదటి శాతవాహన రాజుల్లో ఒకడైన సిముకుడి నాణేలు దొరికిన ఊరు. ఎల్లంపల్లి ప్రాజెక్టు నీళ్లు ఇప్పుడు ఆ ఒడ్డునే కొడుతున్నాయి.

నాగార్జునకొండ దాటాక లోయ ఇరుకవుతుంది. రెండు పక్కలా పులుల అభయారణ్యమే. పులి కనపడుతుందని ఎవరైనా చెబితే నమ్మకండి. నీటికాకులు, కొంగలు మాత్రం దండిగా కనిపిస్తాయి. మొదటి రెండు గంటలు రీల్స్ తీశాం. మూడో గంటకు ఫోన్లు జేబుల్లోకి పోయాయి. చివరి గంటలో ఎవడూ మాట్లాడలేదు, అలా కొండలు చూస్తూ కూర్చున్నాం. నలుగురు దోస్తులు గంటసేపు చప్పుడు చేయకుండా కూర్చోవడం నేనైతే అంతకుముందు చూడలేదు.

ఇంట్లోవాళ్లు అడిగే ప్రశ్న

పడవ అనగానే ఇంట్లో మొదటి మాట "గోదావరిల బోటు మునిగింది యాదికి లేదా?" అనే వస్తుంది. వాళ్ల భయం ఉత్తది కాదు. 2019 సెప్టెంబరు 15న పాపికొండలు పోతూ కచ్చులూరు దగ్గర రాయల్ వశిష్ఠ మునిగింది. అందులో వరంగల్ దగ్గరి కడిపికొండ నుంచి పోయినవాళ్లు కూడా ఉన్నారు. సోమశిల నీళ్లకూ ఒక చేదు యాది ఉంది. 2007 జనవరిలో అక్కడ కృష్ణలో నాటు పడవ మునిగి 61 మంది చనిపోయారు. వాళ్లెవరూ టూరిస్టులు కారు. అవతలి ఒడ్డుకు పోవడానికి వేరే దారి లేక పడవ ఎక్కినవాళ్లు.

అందుకే టికెట్ ఎంత అని అడిగేముందు మూడు సంగతులు చూసుకోండి. లైఫ్ జాకెట్ ఇచ్చారా, దాని బెల్టులు సరిగ్గా పడుతున్నాయా. ఎంతమందికి అనుమతి ఉంది, ఎంతమందిని ఎక్కిస్తున్నారు. పైన గేట్లు ఎత్తి వరద వదులుతున్నారా. ఫొటోలో బాగా రావని జాకెట్ విప్పేవాడు మీ గ్రూపులో ఒకడు తప్పకుండా ఉంటాడు. వాణ్ని గట్టిగా మందలించండి.

సోమశిల: పెద్దమ్మతో

రెండోసారి పెద్దమ్మతో పోయాను. ఆమె బతుకంతా బీడీలు చుట్టిన మనిషి. ఆమె ఊరు సిరిసిల్ల జిల్లాలో మిడ్ మానేరు కింద పోయింది. కొదురుపాక, అనుపురం, రుద్రవరం, చింతల్‌ఠాణా, వరదవెల్లి.. ఆ వరుసలో ఒకటి. ఇప్పుడు పునరావాస కాలనీలో ఉంటుంది. మల్లన్న దర్శనం చేయిస్తానని చెప్పి, రెండు పడవల ఫొటోలూ చూపించి, "ఏది ఎక్కుదాం?" అని అడిగాను.

ఏసీ ఉందా, భోజనం ఎట్లుంటది.. ఇలాంటివి అడుగుతుందని చూశాను. ఆమె అడిగింది వేరే.

"గా పడవ ఏ ఊరి మీదికెళ్లి పోతది బిడ్డా?"

రెండు పడవల మధ్య అసలు తేడా ఏమిటో ఆ ఒక్క ప్రశ్నలో ఉంది. సాగర్ పడవ ఒక పాత రాజధాని మీది నుంచి పోతుంది. సోమశిల పడవ మనుషులు మొన్నమొన్నటి దాకా వండుకుని తిన్న ఊళ్ల మీది నుంచి పోతుంది. శ్రీశైలం ప్రాజెక్టు కోసం 1981లో ఖాళీ చేయించిన ఊళ్లు దాదాపు వంద. ఆ ఊళ్లలో పుట్టినవాళ్లు ఇంకా బతికే ఉన్నారు. సోమశిలలో టీ తాగితే మీ పక్కన కూర్చునే పెద్దమనిషి వాళ్లలో ఒకడు కావచ్చు.

అదంతా చెప్పాను. "అయితే గదే పోదాం" అంది.

హైదరాబాద్ ఎంజీబీఎస్ నుంచి నాగర్‌కర్నూల్ మీదుగా కొల్లాపూర్ బస్సు. ఎక్స్‌ప్రెస్ కాబట్టి పెద్దమ్మకు జీరో టికెట్, నాకు డబ్బులు. దారి పొడుగునా ఆమె ఆ సంగతి గుర్తు చేస్తూనే ఉంది. కొల్లాపూర్ నుంచి సోమశిల ఇంకో పది కిలోమీటర్ల చిల్లర.

సోమశిలలో లలితా సోమేశ్వరాలయం ఉంది. పాత గుళ్లు మునుగుతాయని వాటి రాళ్లు తెచ్చి ఇక్కడ ఎత్తు మీద మళ్లీ కట్టారు. ఆ సంగతి చెబితే పెద్దమ్మ గుడి చుట్టూ ఒకసారి తిరిగి చూసి, "దేవునికి ఇల్లు మంచిగనే కట్టిచ్చిన్రు" అంది. అంతకుమించి ఏం అనలేదు.

గుడి బయట చెట్టు కింద ఒక ముసలాయన కూర్చుని ఉన్నాడు. మాటల్లో ఆయనదీ మునిగిన ఊరే అని తేలింది. ఇద్దరూ ఒకరి పేరు ఒకరు అడగలేదు. "మీకెంతిచ్చిన్రు?" అని ఆయన అడిగాడు. పెద్దమ్మ చెప్పింది. ఆయన తనకు అప్పుడు వచ్చిన పైసలు చెప్పాడు. ఇద్దరూ కాసేపు నవ్వారు. ఆ తర్వాత చింతచెట్ల గురించి మాట్లాడుకున్నారు. ఎవరి వాకిట్లో ఏ చెట్టు ఉండేదో, కాయ ఎట్లుండేదో. పడవ టైమైందని నేనే లేపాల్సి వచ్చింది.

ఈ దారి ఏడు గంటలు. నీళ్లు వెడల్పుగా ఉంటాయి, మొదట్లో కొండలు దూరంగా ఉంటాయి, పోనుపోను దగ్గరికి వస్తాయి. జాలర్ల పుట్టీలు అక్కడక్కడా తిరుగుతుంటాయి. శ్రీశైలం దగ్గరపడుతుంటే అక్కమహాదేవి గుహలున్న కొండలు వస్తాయి. పన్నెండో శతాబ్దపు కన్నడ వచన కవయిత్రి తపస్సు చేసిందని చెప్పే చోటు.

సోమశిల ఎదురు ఒడ్డున సంగమేశ్వరం ఉంది. ఏడు నదులు కలిసే చోటని ప్రతీతి. ఆ పాత గుడి ఏడాదిలో ఎక్కువ నెలలు నీళ్లలోనే ఉండి, ఎండాకాలంలో నీళ్లు తగ్గితే బయటపడుతుంది. అంటే పడవ నడిచే రోజుల్లో గుడి కనపడదు, గుడి కనపడే రోజుల్లో పడవకు నీళ్లుండవు. రెండూ ఒకే ట్రిప్పులో కావాలంటే కుదరదు.

పెద్దమ్మ పడవ అంచు దగ్గర కూర్చుని నీళ్లలోకే చూసింది. నేను కొండలు చూపిస్తే అటు చూసి, మళ్లీ నీళ్లలోకే. "కింద బాయిలుంటయి గదా" అంది ఒకసారి. "నీళ్ల కింద బాయి. ఎవలు తోడుకోవాలె?"

మరి ఏది ఎక్కాలి?

సూటిగా చెబుతాను. దోస్తులతో పోతూ, మొదటిసారి అయితే, సాగర్. ప్రయాణం ఐదారు గంటలే, ఒడ్డు మీద చూడటానికి బుద్ధవనం, డ్యామ్ ఉన్నాయి, లోయ ఇరుకుగా ఉండి కొండలు బాగా దగ్గరగా కనిపిస్తాయి. ఇంట్లో పెద్దవాళ్లతో, తొందర లేకుండా పోవాలంటే సోమశిల. ఏడు గంటలు కూర్చోగలరా అని ముందే అడగండి, నడుం నొప్పి ఉంటే ఒక మెత్త తీసుకుపోండి.

దేనికైనా నీళ్లుండాలి. వానాకాలం పోయాక జలాశయాలు నిండుగా ఉన్నప్పుడే ఈ పడవలు నడుస్తాయి. మట్టం తగ్గితే ఆపేస్తారు. కాబట్టి తెలంగాణ టూరిజం వెబ్‌సైట్‌లో తేదీలు, టికెట్ ధర చూసుకుని, ఫోన్ చేసి అడిగాకే జేబీఎస్ బస్సెక్కండి. కోరుట్ల నుంచి హైదరాబాద్‌కే ఐదు గంటలు, ఉత్తచేతులతో తిరిగొస్తే చాలా బాధ.

రానూపోనూ టికెట్ తీసుకోకపోయినా నష్టం లేదు. ఒకవైపు పడవలో పోయి, రాత్రి శ్రీశైలంలో ఉండి, పొద్దున దర్శనం చేసుకుని బస్సులో నల్లమల రోడ్డు మీదుగా రావచ్చు. మన్ననూరు చెక్‌పోస్టు దగ్గర రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా అడవి దారి మూసేస్తారు. సొంత బండిలో పోయేవాళ్లు ఇది మరవొద్దు.

ఇంకొక మాట. పడవ కోసమే అంత దూరం పోనక్కర్లేదు అనేవాళ్లకు సిరిసిల్ల పక్కనే మిడ్ మానేరు ఉంది. వరదవెల్లి గుట్ట మీది దత్తాత్రేయస్వామి గుడికి నీళ్లు నిండితే పడవలోనే పోవాలి. పెద్దమ్మను అక్కడికి పోదామా అని అడిగాను. శ్రీశైలం పడవ ఏడు గంటలు ఎక్కిన మనిషి, ఆ పది నిమిషాల పడవకు మాత్రం "ఇప్పుడొద్దు బిడ్డా" అంది.